‘ఎందుకిలా చేశావ్?’ అంటే నోరు పెగలడం లేదక్కా

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బయటి దేశాల్లో ఆర్ట్, డిజైన్ చదువుతున్న పిల్లలవీ, వాళ్ళ అమ్మానాన్నలవీ. ఇంజనీరింగ్‌కో, మేనేజ్‌మెంట్‌కో వెళ్ళినవాళ్ళకి సందేహం వస్తే అడగడానికి సీనియర్లు బోలెడుమంది దొరుకుతారు. బొమ్మలు గీసుకోవడానికీ, కుర్చీలు చేసుకోవడానికీ వెళ్ళినవాళ్ళకి అంతమంది దొరకరు. నేనూ ఇంటికి దూరంగా ప్రొడక్ట్ డిజైన్ చదువుకుని, తర్వాత పాఠాలు చెబుతూ వచ్చినదాన్నే కాబట్టి ఈసారి పేజీలన్నీ వాళ్ళకే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: అక్కా, ఇలస్ట్రేషన్‌లో మాస్టర్స్‌కి వచ్చి మూడు నెలలైంది. ఇక్కడ పరీక్షలు ఉండవు, క్రిట్ ఉంటుంది. మన పని గోడకి పిన్ చేసి అందరి ముందూ నిలబడాలి. మా ట్యూటర్ బాగుందనీ అనదు, బాగాలేదనీ అనదు. ‘ఈ రంగు ఎందుకు? ఇంత సైజు ఎందుకు?’ అని మాత్రం అడుగుతుంది. నాకు నోరు పెగలదు. మొన్న క్లాస్‌లో ఒకమ్మాయి నా బొమ్మ గ్రీటింగ్ కార్డులా ఉందంది. వాష్‌రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చేశాను. చిన్నప్పటి నుంచీ బొమ్మల పోటీల్లో నాకే ఫస్ట్ ప్రైజ్. అసలు రావడమే తప్పేమో అనిపిస్తోంది.

జవాబు: తప్పేం కాదు తల్లీ. ముందు ఆ ‘ఎందుకు’ సంగతి తేల్చుకుందాం, నీ కన్నీళ్ళన్నీ అక్కడి నుంచే వచ్చాయి. ‘ఎందుకిలా చేశావ్’ అని ఎవరైనా అడిగితే చిన్నప్పటి నుంచీ మనకి అది తిట్టే. తల దించుకుని నిలబడటం అలవాటైపోతుంది. క్రిట్‌లో మాత్రం అది నిజంగా ప్రశ్నే. ఆ రంగు నువ్వు కావాలని ఎంచుకున్నావా, చేతికందింది కాబట్టి పడిందా అన్నది ఆవిడకి తెలియదు, నీ నోటి నుంచి వినాలనుకుంటోంది. చేతికందిందే పడినా పర్వాలేదు. ‘ఇది ఆలోచించి పెట్టింది కాదు, కానీ ఇప్పుడు దూరం నుంచి చూస్తుంటే బొమ్మంతా దానివల్లే బరువెక్కిపోయినట్టుంది’ అని చెప్పావనుకో, అది చాలా మంచి జవాబు.

నా మొదటి క్రిట్ చెబుతాను. అట్టతో కుర్చీ నమూనా చేయాలి, మేకూ, జిగురూ లేకుండా కాగితమే కాగితాన్ని పట్టుకునేలా. నేను రెండు వారాలు రాత్రింబవళ్ళు కూర్చుని, ఒక్క మరక కూడా లేకుండా తెల్లగా మెరిసే నమూనా తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాను. మా ట్యూటర్ దాన్ని ఒక్కసారి తిప్పి చూసి ‘మిగతావి ఏవి?’ అన్నాడు. పారేశానన్నాను. ఎక్కడ అన్నాడు. కింద చెత్తబుట్టలో అన్నాను. ఆయన లేచి నాతో పాటు మెట్లు దిగి వచ్చాడు. ఇద్దరం కలిసి నాలుగు నమూనాలు ఏరి తెచ్చాం, ఒకదాని మీద కాఫీ ఒలికింది, ఒకదానికి వెనక కాలు దగ్గర అతుకు చిరిగిపోయింది. ఆ చిరిగిన అతుకు పట్టుకుని ఇరవై నిమిషాలు మాట్లాడాడు. బరువు ఎటు వెళ్తోంది, అట్ట పోగు ఏ వైపు ఉంది, అందుకే ఎక్కడ చిరిగింది అని. తెల్లటి నమూనా గురించి ఒక్క మాట కూడా అనలేదు. దాచిపెట్టాల్సిందేదో, చూపించాల్సిందేదో నేను తలకిందులుగా అనుకున్నానని ఆ రోజు అర్థమైంది. ఇవాళ నా దగ్గరికి వచ్చే పిల్లలకి కూడా నేను చెప్పేది అదే: పూర్తయ్యాక చూపిద్దాంలే అని ఆగకండి, సగంలో ఉండగానే చూపించండి, సగంలో ఉన్నదాని గురించి మాట్లాడటం నేర్చుకోండి.

కాబట్టి వచ్చే క్రిట్‌కి నువ్వు పూర్తయిన బొమ్మ ఒక్కటే పెట్టకు. దాని పక్కన చెడిపోయిన మూడు కాగితాలు, నువ్వు వద్దనుకున్న రంగుల ముక్కలు కూడా పిన్ చెయ్యి. నిలబడటానికి ముందు మూడు వాక్యాలు రాసుకో: ఏం చేయాలనుకున్నాను, ఎక్కడ ఆగిపోయాను, మీ నుంచి ఏ ఒక్క విషయం వినాలనుకుంటున్నాను. మూడోది చాలా ముఖ్యం, అది చెప్పకపోతే పదిహేను మంది పదిహేను రకాలుగా మాట్లాడతారు. ఇంగ్లిష్ తడబడుతుందని భయమైతే కాగితం చూసి చదువు, ఎవరూ ఏమీ అనుకోరు. అక్కడ నిలబడ్డప్పుడు గుండె దడలో సగం మాటలు మన చెవిన పడవు కాబట్టి స్నేహితురాలినెవరినైనా నోట్స్ రాయమను, తర్వాత నువ్వు ఆమెకి రాసిపెట్టు. ఆ నోట్స్‌ని అదే రోజు చదవకు. మర్నాడు పొద్దున చదువు.

ఇక గ్రీటింగ్ కార్డు మాట. ఆ అమ్మాయిని కాఫీకి పిలిచి ‘ఏది చూస్తే నీకలా అనిపించింది’ అని అడుగు. గీతంతా ఒకే మందంలో ఉందా, బొమ్మ సరిగ్గా మధ్యలో కూర్చుందా, అన్ని రంగులూ ఒకే స్థాయిలో అరుస్తున్నాయా? ఏదో ఒకటి చెబుతుంది. అప్పుడు ఆ మాట గాయంలా కాకుండా పనికొచ్చే సంగతిలా చేతికొస్తుంది. ఎస్.హెచ్.రజా గురించి చిత్రకారులు చెప్పుకునే ముచ్చటొకటుంది. 1948లో ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ హెన్రీ కార్టియర్-బ్రెసాన్ ఆయన బొమ్మలు చూసి, ప్రతిభ ఉంది గానీ నిర్మాణం లేదు, ఫ్రెంచ్ చిత్రకారుడు సెజాన్‌ని చదువుకో అన్నాడట. అప్పటికే రజా పేరున్న యువ చిత్రకారుడు. ఆ మాటకి మొహం ముడుచుకోలేదు. ఫ్రెంచ్ నేర్చుకున్నాడు, స్కాలర్‌షిప్ సంపాదించాడు, 1950లో పారిస్ వెళ్ళి ఎకోల్ దె బోజార్ అనే ఆర్ట్ స్కూల్లో చేరాడు. ఒక్క క్రిట్ ఒక మనిషిని అంత దూరం నడిపించింది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. మాట పని మీద ఉన్నంతవరకే అది క్రిట్. నీ యాస మీద, నీ ఒంటి రంగు మీద, నువ్వు వచ్చిన చోటు మీద మాట పడితే దాన్ని భరించాల్సిన అవసరం నీకు లేదు. తేదీతో సహా రాసిపెట్టుకుని పర్సనల్ ట్యూటర్‌కో, విద్యార్థి సంఘానికో చెప్పు. క్రిట్ లేని రోజుల్లో కూడా ఏడుపు ఆగడం లేదంటే యూనివర్సిటీ కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళు. చాలా యూనివర్సిటీల్లో ఆ సేవకి విద్యార్థులు విడిగా డబ్బు కట్టక్కర్లేదు.

ప్రశ్న: నమస్కారమమ్మా. మా అబ్బాయి కమ్యూనికేషన్ డిజైన్ చదవడానికి వెళ్ళాడు. వారానికి రెండు రోజులే క్లాసులట. మిగతా రోజులు ‘స్టూడియో’ అంటాడు. రాత్రి పదకొండుకి ఫోన్ చేసినా స్టూడియోలోనే ఉన్నానంటాడు. కట్టిన ఫీజు తలుచుకుంటే గుండె గుభేలుమంటోంది. వాడు మాకు అబద్ధం చెబుతున్నాడా? లేక కాలేజీయే మోసమా?

జవాబు: నమస్కారమండీ. మీ అబ్బాయి నిజమే చెబుతున్నాడని నాకనిపిస్తోంది. ఈ చదువు నడిచే తీరే అంత. బ్రిటన్‌లో డిగ్రీకి ఏడాదికి 120 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కి 10 గంటల చదువని లెక్క, అంటే ఏడాదికి 1,200 గంటలు. యూరప్‌లో చాలా దేశాలు పాటించే ఈసీటీఎస్ పద్ధతిలో ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కోదానికి 25 నుంచి 30 గంటలు, మొత్తం 1,500 నుంచి 1,800 గంటలు. ఇందులో టీచర్ ఎదురుగా ఉండే గంటలు కొన్నే. మిగతావన్నీ వర్క్‌షాప్‌లో, లైబ్రరీలో, స్టూడియో బల్ల దగ్గర పిల్లాడు తనంతట తాను గడపాల్సినవి, వాటినీ చదువు కిందే లెక్కేస్తారు. ఫీజులో కొంత భాగం ఆ బల్లకీ, ప్రింటింగ్ ప్రెస్‌కీ, లేజర్ కట్టర్‌కీ, వాటిని నేర్పే టెక్నీషియన్‌కీ వెళ్తుందనుకోండి. మీవాడు అవన్నీ వాడుకుంటున్నాడా అన్నది మీరు అడగాల్సిన ప్రశ్న. వాడుకోకుండా రూమ్‌లో లాప్‌టాప్ ముందే కూర్చుంటే మాత్రం డబ్బు వృథా అయినట్టే.

మార్కులెన్ని వచ్చాయని అడిగితే వాడి దగ్గర జవాబుండదు, ఇద్దరికీ చిరాకు. ‘ఈ వారం గోడ మీద ఏం పెట్టావు నాన్నా, ఫోటో పంపు’ అనండి. పంపాక అర్థం కాకపోయినా ‘ఇదేంటి, ఇక్కడ ఇలా ఎందుకుంది’ అని అడగండి. మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే క్లాస్‌లోనూ చెప్పగలడు, మీతో మాట్లాడటమే వాడికి ప్రాక్టీస్.

రాత్రుళ్ళ విషయంలో మాత్రం మీ బెంగ న్యాయమైనదే. నిద్ర మానుకుని పని చేయడం గొప్ప అన్నట్టు డిజైన్ కాలేజీల్లో ఒక అలవాటు పాతుకుపోయింది, నాకది ఎప్పుడూ నచ్చలేదు. మా బ్యాచ్‌లో ఒకబ్బాయి తెల్లవారుజామున మూడింటికి స్టీల్ స్కేలు పెట్టుకుని మందపాటి బోర్డు కోస్తున్నాడు, కళ్ళు మూతలు పడుతున్నాయి, స్కేలు అంచు దాటి చూపుడువేలు కొద్దిగా బయటికి వచ్చింది, బ్లేడు స్కేలెక్కి వేలి చివర చర్మాన్ని తీసుకుపోయింది. తెల్లటి బోర్డు మీద ఎర్రటి గీత పాకడం నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది. వారం రోజులు పెన్సిల్ పట్టుకోలేకపోయాడు. అందుకని రాత్రి పదకొండుకి స్టూడియోలో ఉంటే పర్లేదు గానీ, పదకొండు దాటాక బ్లేడు ముట్టుకోనని మాట తీసుకోండి.

ప్రశ్న: అక్కా, డబ్బులకి కటకటగా ఉంది. పార్ట్‌టైమ్‌గా షాపుల్లో నిలబడే బదులు నాకొచ్చిన పనే చేసుకుందామని ఆన్‌లైన్‌లో లోగోలు చేసిపెడుతున్నాను, నా బొమ్మల ప్రింట్లు కూడా అమ్ముదామనుకుంటున్నా. నేను బ్రిటన్‌లో ఉన్నాను. అమెరికాలో, జర్మనీలో ఉన్న ఫ్రెండ్స్‌ది కూడా ఇదే ఆలోచన. తప్పేమైనా ఉందా?

జవాబు: ఉంది తమ్ముడూ, ఇవాళే ఆపెయ్. బ్రిటన్ స్టూడెంట్ వీసా మీద డిగ్రీ స్థాయి చదువుల్లో ఉన్నవాళ్ళకి టర్మ్ నడుస్తున్నప్పుడు సాధారణంగా వారానికి 20 గంటల వరకు ఉద్యోగం చేయనిస్తారు. కానీ సొంతంగా, అంటే ఫ్రీలాన్స్‌గా చేయడానికి వీల్లేదు. గంటలు తక్కువైనా సరే. లోగో చేసి ఇన్వాయిస్ పంపడం, ఆన్‌లైన్‌లో ప్రింట్లు అమ్మడం రెండూ దాని కిందికే వస్తాయి. మన రంగంలో వాళ్ళు ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటారు, ఎందుకంటే మనకి అది ‘ఉద్యోగం’లా అనిపించదు, గీసుకుంటున్నాం, ఎవరో డబ్బులిస్తున్నారు అంతే కదా అనిపిస్తుంది. వీసా ఆఫీసు అలా చూడదు.

అమెరికాలో ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద టర్మ్‌లో క్యాంపస్ లోపల వారానికి 20 గంటలు, బయట చేయాలంటే ముందుగా అనుమతి ఉండాలి. చదువయ్యాక ఓపీటీ అనే పని అనుమతి కింద 12 నెలలు తన సబ్జెక్టుకి సంబంధించిన పని చేసుకోవచ్చు, అప్పుడు ఫ్రీలాన్స్ కూడా కుదురుతుంది, కానీ మొత్తం మీద 90 రోజులకి మించి ఖాళీగా ఉండకూడదు. కోర్సు స్టెమ్ జాబితాలో, అంటే సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం కోర్సుల జాబితాలో ఉంటే ఇంకో 24 నెలలు పొడిగింపు దొరకొచ్చు. ఫైన్ ఆర్ట్స్‌కి అది దక్కదు, డిజైన్‌లో కొన్ని కోర్సులకి మాత్రం ఉంటుంది. నీ ఫ్రెండ్‌ని యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20 కాగితం మీద ఉన్న కోర్సు కోడ్ చూసుకుని ఇంటర్నేషనల్ ఆఫీసులో అడగమను. ఆ 90 రోజుల గడియారం గుర్తుంటే పోర్ట్‌ఫోలియో డిగ్రీ చేతికొచ్చాక మొదలుపెడదాం అని ఎవరూ కూర్చోరు. జర్మనీలో ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు ఉద్యోగం చేయొచ్చు, సొంత పనికి అక్కడి విదేశీయుల కార్యాలయం నుంచి విడిగా అనుమతి తీసుకోవాలి. ఈ నిబంధనలు తరచూ మారుతుంటాయి కాబట్టి, ఎవరో చెప్పారని కాకుండా, నేను చెప్పానని కూడా కాకుండా, మీ యూనివర్సిటీ వీసా సలహాదారుని అడిగి ఈమెయిల్‌లో రాతపూర్వకంగా జవాబు తీసుకో.

డబ్బు సంగతి మరి? యూనివర్సిటీలోనే మనకి పనికొచ్చే ఉద్యోగాలుంటాయి. వర్క్‌షాప్ అసిస్టెంట్, గ్యాలరీలో ఎగ్జిబిషన్లు కట్టే పని, లైబ్రరీ, ఓపెన్ డేలకి గైడు. గ్యాలరీ పని దొరికితే వదులుకోకు. ఫ్రేమ్ సరిగ్గా కంటి ఎత్తులో ఎలా తగిలించాలో, లైటు ఏ కోణంలో పడాలో అక్కడ ఒక్క నెలలో నేర్చుకుంటావు. చదువు చివర్లో అందరూ తమ పని ప్రదర్శనకి పెట్టే డిగ్రీ షో రోజున ఆ విలువ తెలుస్తుంది.

ప్రశ్న: అక్కా, వచ్చే నెల ఫ్లైట్. పెయింటింగ్ కోర్సు. రంగులు, బ్రష్షులు, టర్పెంటైన్, గీతలు చెదరకుండా కొట్టే ఫిక్సటివ్ స్ప్రే అన్నీ ఇక్కడే కొని తీసుకెళ్ళనా? అక్కడ ఖరీదంటున్నారు.

జవాబు: బ్రష్షులు తీసుకెళ్ళు, చేతికి అలవాటైనవి ఎక్కడా దొరకవు. టర్పెంటైనూ, స్ప్రే డబ్బాలూ విమానంలో వద్దే వద్దు, అవి మండే సరుకు, చెక్‌-ఇన్ సామానులో కూడా ఒప్పుకోరు. కట్టర్లు, బ్లేడ్లు చేతి సంచిలో పెట్టకు. రంగుల మీద మాత్రం ఇప్పుడే డబ్బు పొయ్యకు. మొదటి ప్రాజెక్టు చేతికొచ్చేదాకా ఆగు. ఆయిల్ రంగులు పెట్టె నిండా మోసుకెళ్ళి, మొదటి టర్మ్ అంతా బొగ్గుతో, చిత్తు కాగితాలతో గడిపినవాళ్ళని చాలామందిని చూశాను. వర్క్‌షాపుల్లో మిగిలిపోయిన ముక్కల డబ్బా ఒకటుంటుంది, చెక్క, బట్ట, కాగితం, అన్నీ. టెక్నీషియన్‌తో స్నేహంగా ఉంటే అది ఎప్పుడు నిండుతుందో నీకే ముందు తెలుస్తుంది.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతున్నా. నిద్రపోయే గదిలో స్ప్రే కొట్టకు, టర్పెంటైన్ మూత తీసి పెట్టకు. లిన్సీడ్ (అవిసె) నూనెతో తడిసిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడెయ్యకు. ఆ నూనె ఆరేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వేడి పుట్టిస్తుంది, ఉండ చుడితే ఆ వేడి బయటికి పోక, నిప్పు తగలకుండానే గుడ్డ అంటుకోవచ్చు. పరిచి ఆరబెట్టు, లేదంటే మూత ఉన్న లోహపు డబ్బాలో నీళ్ళు పోసి వెయ్యి. స్టూడియోలో దానికి ప్రత్యేకమైన ఎర్ర డబ్బా ఉంటే అందులోనే.

ప్రశ్న: నాకు గ్లాస్ స్టూడియో కావాలని దరఖాస్తులో రాశాను. సీట్లు నిండిపోయాయని టెక్స్‌టైల్స్‌లో వేశారు. మగ్గం ముందు కూర్చుంటే ఏడుపొస్తోంది. కోర్సు మానేయాలా?

జవాబు: సరిగ్గా నీ పరిస్థితే ఒకావిడకి వందేళ్ళ క్రితం వచ్చింది. 1919లో జర్మనీలోని వైమార్‌లో బౌహౌస్ అనే స్కూలు మొదలైంది, ఇవాళ మీరంతా చేస్తున్న ఫౌండేషన్ కోర్సుకీ, వర్క్‌షాప్ పద్ధతికీ చాలావరకు మూలం అక్కడే. 1922లో ఆన్నీ అల్బర్స్ అందులో చేరింది. ఆమెకీ గ్లాస్ వర్క్‌షాపే కావాలి. కుదరక నేత వర్క్‌షాప్‌లో చేరింది, మొదట్లో దారాలంటే ఆమెకి పెద్ద ఇష్టం కూడా లేదు. డిప్లొమాకి ఆమె చేసిన పని చూడు: బెర్నౌ అనే ఊళ్ళో ఒక కార్మిక సంఘం పాఠశాల ఆడిటోరియం గోడలకి బట్ట నేసింది, ఒక వైపు సెలోఫేన్ కలిపి నేయడంతో వెలుతురుని తిప్పి కొడుతుంది, రెండో వైపు శబ్దాన్ని పీల్చుకుంటుంది. గ్లాస్ కావాలనుకున్న అమ్మాయి దారంతోనే వెలుతురుని పట్టుకుంది, నాకైతే అలాగే అనిపిస్తుంది. 1949లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఆమె సోలో ఎగ్జిబిషన్ జరిగింది, నేత కళాకారులెవరికీ అంతకు ముందు అక్కడ ఆ అవకాశం రాలేదు.

అయినా నీకు నచ్చి తీరాలని నేననను. ఒక టర్మ్ మనసు పెట్టి చెయ్యి, ఆ లోపల గ్లాస్ టెక్నీషియన్‌ని కలిసి ఇండక్షన్, అంటే అక్కడి పరికరాలు వాడటం నేర్పే మొదటి క్లాసు, అడుగు, కొన్ని చోట్ల వేరే విభాగం వాళ్ళకి కూడా ఇస్తారు. టర్మ్ చివర్లో కూడా మగ్గం చూస్తే మనసు రాకపోతే, చేసిన గ్లాస్ స్కెచ్‌లు పట్టుకుని కోర్సు హెడ్ దగ్గరికి వెళ్ళి మారుతానని అడుగు. చేతిలో పని ఉంటే అడిగే మాటకి బరువుంటుంది.

ప్రశ్న: మా ట్యూటర్లు నేనేం చేసినా ‘మీ సంస్కృతి ఇందులో ఎక్కడుంది’ అంటారు. నాకు అక్షరాలంటే ఇష్టం, పేజీని గళ్ళుగా విడగొట్టి వాటిని అమర్చే గ్రిడ్లంటే ఇష్టం. నేనొచ్చిన దేశం నా మీద కనిపించి తీరాలా అక్కా?

జవాబు: తీరక్కర్లేదు. ఈ ప్రశ్న నన్ను కూడా అడిగేవారు, నా క్లాస్‌లో అక్కడి పిల్లల్ని ఎవరూ అడిగేవాళ్ళు కాదు, అది నాకు నొప్పిగా ఉండేది. తర్వాత్తర్వాత రెండు రకాల ట్యూటర్లున్నారని తెలిసింది. ఒకరు నీ దగ్గర అలంకారం కోరతారు, అంటే చూడగానే ఫలానా చోటిదని తెలిసిపోయే రంగులూ ముగ్గులూ. రెండోవారు నీకు తెలిసి, తమకు తెలియనిది ఏదో ఉందని నమ్మి అడుగుతారు. మొదటివారికి మర్యాదగా ‘ఈ ప్రాజెక్టుకి అది అవసరం లేదు’ అని చెప్పెయ్. రెండోవారికి మాత్రం జవాబు వెతుకు. అక్షరాలంటే ఇష్టమన్నావు కదా, తెలుగు అక్షరానికి ఒత్తు కిందకి వస్తుంది, గుణింతం పైకెక్కుతుంది, ఇంగ్లిష్ కోసం వేసిన వరుసల ఎడం మనకి చాలదు, పై వరుస ఒత్తూ కింది వరుస గుడీ కొట్టుకుంటాయి. ఇది అలంకారం కాదు, గ్రిడ్ సమస్యే, అదీ నువ్వు చిన్నప్పటి నుంచీ చూస్తూ పెరిగిన సమస్య. దాన్ని బల్ల మీద పెడితే మీ ట్యూటర్ కుర్చీ దగ్గరికి లాక్కుంటారు.

తొందర కూడా పడకు. మొదటి జవాబులో చెప్పిన రజానే చూడు, 1950లో పారిస్ చేరాక ఏళ్ళ తరబడి అక్కడి ఊళ్ళనీ, ప్రకృతినీ వేశాడు. మనందరికీ ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చే బిందువు, అంటే ఆ పెద్ద నల్లటి చుక్క, ఆయన పనికి కేంద్రం కావడానికి పాతికేళ్ళకి పైనే పట్టింది. నిన్ను రెండో సెమిస్టర్‌లోనే తెమ్మంటే ఎలా?

ప్రశ్న: అక్కా, డిగ్రీ షో అయిపోయింది. రెండు మీటర్ల కాన్వాసులు మూడున్నాయి, వారంలో స్టూడియో ఖాళీ చేయమంటున్నారు. పారేయడానికి మనసొప్పడం లేదు, పంపించడానికి డబ్బుల్లేవు.

జవాబు: ముందు ఇవాళే ఫోటోలు తీయించు. కిటికీ పక్కన కాకుండా రెండు వైపుల నుంచీ సమానంగా లైటు పెట్టి, కెమెరా సరిగ్గా కాన్వాసు మధ్యకి ఎదురుగా ఉంచి, పక్కన గ్రే కార్డు (రంగులు సరిచూసుకునే బూడిదరంగు అట్ట) పెట్టి ఒకటి, లేకుండా ఒకటి. దగ్గరగా బ్రష్ గీతలు కనిపించేలా ఇంకో నాలుగు. మనిషి పక్కన నిలబడితే సైజు తెలుస్తుంది, అదీ ఒకటి. ఉద్యోగానికైనా, కొన్నాళ్ళు చోటిచ్చి పని చేసుకోనిచ్చే రెసిడెన్సీకైనా నీ బొమ్మని చూసేవాళ్ళలో ఎక్కువమంది చూసేది ఈ ఫోటోలనే.

తర్వాత మూడింట్లో ఏది ఉంచుకోవాలో తేల్చుకో. అన్నీ ఉంచుకోవాల్సిన పని లేదు, అది నీకూ తెలుసు, ఎవరో ఒకరు చెప్పాలని ఎదురుచూస్తున్నావంతే. మిగతావి నీతో చదువుకున్న స్నేహితులకో, అడిగితే డిపార్ట్‌మెంటుకో ఇచ్చెయ్. ఉంచుకునేదాన్ని చట్రం నుంచి మేకులు పీకి విప్పు. రంగు వేలికి అంటకపోయినా లోపల ఆరి ఉండకపోవచ్చు, మందంగా వేసిన చోట గోరు అంచుతో మెల్లగా నొక్కి చూడు, మెత్తగా దిగిందంటే చుట్టకు, ఆరేదాకా చట్రంతోనే ఎవరింట్లోనైనా దాచు. ఆరితే దాని మీద గ్లాసీన్ అనే నున్నటి కాగితం పరిచి, వీలైనంత లావు గొట్టానికి చుట్టు, రంగు ఉన్న వైపు బయటికి ఉండాలి. చాలామంది బొమ్మకి దెబ్బ తగులుతుందని లోపలికి చుడతారు, అప్పుడు రంగు పొర ముడుచుకుని, విప్పేటప్పుడు పెచ్చులూడుతుంది. చట్రం కర్రలు విడదీసి కట్ట కట్టు, ఏ కర్ర ఏ మూలదో పెన్సిల్‌తో అంకెలు వెయ్యి. గొట్టం మీద బొమ్మ పేరూ, సైజూ, పై భాగం ఎటో రాసి బాణం గుర్తు పెట్టు. విమానంలో తీసుకెళ్ళేట్టయితే గొట్టం పొడవు ఎంతవరకు ఒప్పుకుంటారో ఎయిర్‌లైన్‌కి ఇవాళే ఫోన్ చేసి కనుక్కో.